ఎవరెస్ట్ కొలతల వెనుక ఆర్కాటు చెయ్యి: సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్

శ్రీకాకుళం, విజయనగరం వైపు సముద్రానికి ఎదురుగా నిలబడిన కొండల మీద పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో సర్వే వాళ్లు తిరిగారు. ఒక కొండ మీద నిలబడి ఇంకో రెండు కొండల్ని చూసి, మధ్యలో కోణం కొలిచి, కాగితం మీద త్రిభుజం గీసుకునేవారు. ఆ త్రిభుజం పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి. అలా కలకత్తా వైపు నుంచి గంజాం మీదుగా మద్రాసు దాకా ఒక గొలుసులా వేసుకుంటూ వెళ్లారు. దేశం మొత్తం ఇలాగే కొలిచిన ఆ పెద్ద పని పేరు గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే. దాన్ని మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ పేరు, హిమాలయ శిఖరానికి తన పేరు ఇచ్చిన జార్జ్ ఎవరెస్ట్ పేరు బడి పుస్తకాల్లోకి ఎక్కాయి. బెంగాల్‌కు చెందిన లెక్కల మేధావి రాధానాథ్ సిక్దర్ పేరూ ఈమధ్య బాగానే వినిపిస్తోంది. సర్వే చరిత్ర చదివినవాళ్లందరికీ తెలిసి, మన ఇళ్లలో మాత్రం తెలియాల్సినంత తెలియని పేరు ఇంకొకటి ఉంది: సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. కోణాలు కొలిచే ఆ యంత్రాల్ని బాగుచేసి, సరిచేసి, పనికొచ్చేలా నిలబెట్టిన మనిషి ఆయన.

ఆయనది ఆర్కాటు. నవాబుల రాజధానిగా పేరుపడిన ఊరు. అరవ దేశంలో ఉన్నా అక్కడి ముస్లిం ఇళ్లలో దక్కనీ ఉర్దూ, చుట్టుపక్కల తెలుగు కూడా వినిపించే ప్రాంతం. తర్వాతి రోజుల్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకి చిత్తూరే కేంద్రం అయింది కదా. మొహ్సిన్ హుసేన్ చేసే పని నగలు, గడియారాలు. అంటే కంటికి సరిగ్గా ఆనని పళ్లచక్రాల్ని, వెంట్రుక మందం స్ప్రింగుల్ని పట్టుకారుతో పట్టి సరిచేసే చెయ్యి. ఇంజనీరింగ్ కాలేజీలు లేని ఆ కాలంలో అంత సన్నపని నేర్చుకునే బడి అదే.

ఆ చెయ్యిని గుర్తించినవాడు వాలెంటైన్ బ్లాకర్. మద్రాసు సైన్యంలో పెద్ద ఉద్యోగం చేసి 1823లో హిందుస్తాన్ సర్వేయర్ జనరల్ అయ్యాడు. సర్వే దగ్గర ఖరీదైన ఇంగ్లీషు యంత్రాలు చాలానే ఉండేవి, కానీ ఎండకి, వానకి, ఎద్దుబండి కుదుపులకి అవి పాడైపోయేవి. ఇంగ్లండ్ పంపి బాగుచేయించాలంటే ఓడ మీద పోవడానికి నెలలు, రావడానికి నెలలు. అందుకని ఇక్కడే బాగుచేసే మనిషి కోసం వెతికి మొహ్సిన్ హుసేన్‌ను కలకత్తాకి రప్పించాడు. బ్లాకర్ మాత్రం ఎక్కువ కాలం బతకలేదు, 1826లోనే పోయాడు. ఆర్కాటు కారీగర్ కలకత్తాలో ఉండిపోయాడు.

ఆయన పని ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే సర్వే వాళ్ల లెక్క కొంచెం తెలియాలి. భయపడాల్సిందేం లేదు, పదో తరగతి పిల్లలు చేసే లెక్కే.

ఇల్లు కట్టే మేస్త్రి గోడ మూల సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగడుగులు గుర్తుపెట్టి, ఏటవాలుగా టేపు పెడతాడు. ఐదు వస్తే మూలమట్టం సరిపోయినట్టు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు తెలిస్తే మూడోది దొరికిపోతుందనే సూత్రం అది. ఆ ఏటవాలు భుజాన్ని తెలుగులో కర్ణం అంటాం. ఊళ్లో భూముల లెక్క రాసే కర్ణం గారికీ దానికీ చుట్టరికం లేదు గానీ, ఇద్దరూ భూమి కొలతల్లోనే కలుస్తారు.

కానీ సర్వేయర్‌కి రెండు భుజాలు ఎక్కడ దొరుకుతాయి? ఒక కొండ కొన నుంచి ఇంకో కొండ కొనకి గొలుసు లాగలేం. మధ్యలో నది, అడవి, మడచెట్ల పర్ర. అందుకని వాళ్లు ఒక్క భుజం మాత్రం నేల మీద కొలుస్తారు. దాన్నే బేస్‌లైన్ అంటారు. మిగతావన్నీ కోణాలు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే పై కొన నుంచి లంబం దించి రెండు లంబకోణ త్రిభుజాలు చేసుకోవచ్చు. సైన్ పట్టికలు చూసి తెలియని భుజాలు రెండూ లాగేయొచ్చు. ఇప్పుడు దొరికిన భుజం పక్క త్రిభుజానికి బేస్‌లైన్ అవుతుంది. ఇలా ఒక్క గీత కొలిచి వందల మైళ్లు పోవచ్చు.

ఈ సైన్ అనే మాటకి ఒక కథ ఉంది, ఉర్దూ తెలిసిన ఇళ్లలో చెప్పుకోదగ్గది. మన దేశపు గణితజ్ఞులు దాన్ని జ్యా, జీవ అన్నారు. అరబ్బులు ఆ మాటని జీబ అని రాసుకున్నారు. అరబీ రాతలో అచ్చులు పెట్టరు కాబట్టి తర్వాతివాళ్లు దాన్ని జైబ్ అని చదివారు. జైబ్ అంటే చొక్కా గుండె దగ్గర మడత. యూరప్ వాళ్లు లాటిన్‌లోకి మార్చేటప్పుడు ఆ మడత అర్థాన్నే తీసుకుని సైనస్ అన్నారు, అదే సైన్ అయింది. మనం డబ్బులు పెట్టుకునే జేబు కూడా ఆ జైబ్ నుంచి వచ్చినదే. ట్రిగనామెట్రీ కష్టమని ఏడ్చే పిల్లాడి చొక్కాకే సైన్ తగిలించి ఉందన్నమాట.

సరే, కోణాల దగ్గరికి వద్దాం. కోణం కొలిచే యంత్రం థియోడోలైట్. సర్వేలో వాడే పెద్ద థియోడోలైట్‌లో 36 అంగుళాల వ్యాసం ఉన్న లోహపు చక్రం ఉంటుంది. లాంబ్టన్ తెప్పించినది అర టన్ను బరువు. దాని అంచు మీద డిగ్రీల గీతలు, వాటి మధ్య ఇంకా సన్న గీతలు. గీతకీ గీతకీ మధ్య ఉన్న ఖాళీని మైక్రోస్కోపుతో చదువుతారు. అంత పెద్ద చక్రం మీద కూడా ఒక మినిట్ కోణానికి దక్కే చోటు మిల్లీమీటరులో ఎనిమిదో వంతుకి కాస్త ఎక్కువ. సర్వేకి కావలసింది మినిట్ కాదు, అందులో అరవయ్యో వంతైన సెకండ్. అంటే చక్రం అంచున మిల్లీమీటరులో అయిదొందలో వంతు కన్నా కొంచెం ఎక్కువ. చక్రం అంత వంకరగా ఉన్నా, గీత అంత పక్కకి జరిగినా కొలత మారిపోతుంది.

ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండని చూసేటప్పుడు ఒక్క సెకండ్ తప్పితే ఆ కొండ పద్నాలుగున్నర సెంటీమీటర్లు పక్కకి జరిగినట్టు లెక్క వస్తుంది. అదే ఒక మినిట్ తప్పితే దాదాపు తొమ్మిది మీటర్లు. ఒక త్రిభుజంలో వచ్చిన తప్పు అక్కడితో ఆగదు. రెండో త్రిభుజం దాని మీదే నిలబడుతుంది, మూడోది రెండోదాని మీద. గోడలో అడుగు ఇటుక వంకరైతే పైదంతా వంకరే కదా.

లాంబ్టన్ యంత్రానికి 1808లో తంజావూరులో పెద్ద దెబ్బ తగిలింది. గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకి కొట్టుకుంది, చక్రం వంగిపోయింది. లాంబ్టన్ డేరాలో కూర్చుని వారాల తరబడి దాన్ని మేకులతో, మరలతో లాగి సాపు చేసుకున్నాడు. మళ్లీ పనిలో పెట్టాడు, ఏళ్ల తరబడి వాడాడు. 1823లో ఆయన హింగన్‌ఘాట్‌లో చనిపోయాక ఆ సర్వే బాధ్యత, ఆ పాత యంత్రం కూడా ఎవరెస్ట్‌కి వచ్చాయి.

ఎవరెస్ట్ నోటి దురుసు మనిషి. కింద పనిచేసే ఇంగ్లీషు దొరల్ని కూడా ఉతికి ఆరేసేవాడని పేరు. జబ్బుతో ఇంగ్లండ్ వెళ్లి 1830లో తిరిగొస్తూ కొత్త యంత్రాలు, కొలత కడ్డీలు, వాటితో పాటు హెన్రీ బారో అనే యంత్రాల తయారీదారుని వెంటబెట్టుకొచ్చాడు. కలకత్తాలో వర్క్‌షాపు పెట్టించాడు. మొహ్సిన్ హుసేన్ ఆ బారో కింద సహాయకుడిగా చేరాడు. అప్పటికే ఆయన అక్కడ కొన్నేళ్లుగా యంత్రాలు విప్పి బిగిస్తున్న మనిషి, అయినా పైన కూర్చున్నది విలాయతు నుంచి వచ్చినవాడు. కంపెనీ పద్ధతి అది.

బారో పనిమంతుడే. చాలా యంత్రాలు తయారుచేశాడు, బాగుచేశాడు. కానీ ఎవరెస్ట్‌తో పొసగలేదు. అప్పట్లో సర్వేకి అతి ముఖ్యమైన యంత్రాలు రెండు ఖగోళ వృత్తాలు. నక్షత్రాల ఎత్తు చూసి తామున్న చోటు అక్షాంశం తేల్చేవి. లోహం తన బరువుకి తానే వంగి కొలత తప్పుతోందని ఎవరెస్ట్‌కి అనుమానం తగిలింది. వాటిని విప్పి, గట్టిచేసి, గీతలు మళ్లీ సరిచూసి నిలబెట్టాలి. 1839లో బారో వెళ్లిపోయాక ఆ బరువంతా మొహ్సిన్ హుసేన్ మీద పడింది.

ఆయన దాన్ని చేసి చూపించాడు. ఆ వృత్తాలతోనే ఎవరెస్ట్, ఆండ్రూ వా ఇద్దరూ వందల మైళ్ల దూరంలో రెండు చోట్ల కూర్చుని ఒకే రాత్రుల్లో అవే నక్షత్రాలు చూశారు. 1839 చివర, 1840 మొదట్లో కలియానా, కలియాన్‌పూర్ దగ్గర. మరుసటి ఏడాది కలియాన్‌పూర్, బీదర్ దగ్గరి దామర్‌గిద్దా. ఇద్దరి యంత్రాల్లో ఏ ఒక్కటి అబద్ధం చెప్పినా మొత్తం పని గంగలో కలిసేది. పొగడ్త విషయంలో మహా పిసినారి అయిన ఎవరెస్ట్, తర్వాత 1847లో అచ్చువేసిన తన పెద్ద గ్రంథంలో మొహ్సిన్ హుసేన్ నేర్పుని మనసారా మెచ్చుకున్నాడు.

ఈ పనికి అసలు పరీక్ష 1841లో బీదర్ దగ్గర జరిగింది. అది అప్పట్లో నిజాం ఇలాకా, ఇప్పటి తెలంగాణ సరిహద్దుకి ఆనుకుని ఉన్న చోటు. సిరోంజ్ నుంచి బీదర్ దాకా 425 మైళ్లు త్రిభుజాల మీద త్రిభుజాలు వేసుకుంటూ వచ్చారు. చివరి త్రిభుజంలో ఒక భుజం ఎంత ఉండాలో కాగితం మీద లెక్కకట్టారు. తర్వాత అదే భుజాన్ని వా నాయకత్వంలో నేల మీద కడ్డీలు పరిచి నిజంగా కొలిచారు. నేల మీద పొడవు 41,578 అడుగులు, దగ్గరదగ్గర ఎనిమిది మైళ్లు. కాగితం మీద వచ్చినదానికీ నేల మీద వచ్చినదానికీ తేడా నాలుగంగుళాల పైచిల్లర. జానెడు కూడా కాదు!

ఆ కడ్డీల సంగతి కూడా చెప్పాలి. ఇనుము ఎండకి సాగుతుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఇరవై డిగ్రీల వేడి తేడా వస్తే ఎనిమిది మైళ్ల మీద ఉత్త ఇనుప కడ్డీతో కొలిచిన కొలత మూడు మీటర్లు అటూఇటూ అయిపోతుంది. అందుకని ఇంగ్లండ్‌లో కోల్బీ అనే అధికారి ఇనుమునీ ఇత్తడినీ జతచేసి పదడుగుల కడ్డీలు చేయించాడు. రెండు లోహాలూ వేరువేరుగా సాగుతాయి గానీ వాటి కొసల్లో అమర్చిన రెండు చుక్కల మధ్య దూరం మాత్రం మారదు. ఆరు కడ్డీలు వరసగా పెట్టి, మధ్యమధ్య మైక్రోస్కోపులు పెట్టి చూస్తే ఒక్క దఫాకి 63 అడుగులు. ఎండ తగలకుండా పైన డేరా. వెనక కడ్డీని మోసుకొచ్చి ముందు పెట్టడం, మళ్లీ చూడ్డం. ఎనిమిది మైళ్లు అలా పాకాలి. ఈ మోతంతా చేసినవాళ్లు కళాసీలు. విశాఖ రేవు తెలిసినవాళ్లకి ఆ మాట కొత్తేం కాదు, ఇప్పటికీ సర్వే శాఖలో ఆ పేరు ఉంది. ఎవరి పేరూ ఏ పుస్తకంలోనూ లేదు.

మొహ్సిన్ హుసేన్ పేరైనా పుస్తకంలోకి ఎక్కింది గానీ, ఉద్యోగం అంత సులువుగా రాలేదు. బారో వెళ్లాక పనంతా చేస్తున్నది ఆయనే, కుర్చీ మాత్రం ఖాళీ. ఒక హిందుస్తానీని, అందులోనూ ఇంగ్లీషు చదువు లేని ఒక కారీగర్‌ని కంపెనీ గణిత యంత్రాల తయారీదారు అనే హోదాలో కూర్చోబెట్టడమా అని పైవాళ్లకి సంకోచం. ఎవరెస్ట్ పట్టుబట్టి సిఫారసు చేశాడు. చివరికి 1843 ప్రాంతంలో, ఎవరెస్ట్ ఉద్యోగం విరమించే నాటికి, ఆ పదవి ఆయనకి ఖాయం అయింది. జీతం మాత్రం బారోకి ఇచ్చినంత ఇవ్వలేదు. అదే పని, అవే యంత్రాలు. యంత్రాల్లో మిల్లీమీటరులో వందో వంతు తప్పుని ఒప్పుకోని సర్కారు, జీతాల దగ్గర ఇంత తేడాని ఏమాత్రం కష్టం లేకుండా ఒప్పుకుంది.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఆయన ఆ బాధ్యతలోనే ఉన్నాడు. ఎవరెస్ట్ తర్వాత వా వచ్చాడు. ఆ కాలంలోనే 1849, 1850 చలికాలాల్లో బీహార్ మైదానంలోని స్టేషన్ల నుంచి, నూరు మైళ్లకి పైబడిన దూరంలో ఉన్న పదిహేనో నంబరు శిఖరాన్ని చూశారు. అదీ లంబకోణ త్రిభుజమే. కింద భుజం దూరం, పక్కన నిలువు భుజం శిఖరం ఎత్తు, చూపు వెళ్లే గీత కర్ణం. దూరం త్రిభుజాల గొలుసు నుంచి వస్తుంది, కోణం థియోడోలైట్ నుంచి వస్తుంది, కావలసింది నిలువు భుజం. భూమి గుండ్రం, గాలిలో వెలుతురు వంగడం లాంటి దిద్దుబాట్లు ఇంకా ఉంటాయి, ప్రాణం మాత్రం ఆ త్రిభుజమే. నూట డెబ్బై అయిదు కిలోమీటర్ల దూరంలో ఒక్క మినిట్ కోణం తప్పితే ఎత్తు యాభై మీటర్లు తప్పుతుంది. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. ఇప్పుడు ఉపగ్రహాలతో చూసి చెబుతున్న 8,848.86 మీటర్లతో పోలిస్తే తేడా తొమ్మిది మీటర్ల పైచిల్లర మాత్రమే. ప్రపంచంలో అదే ఎత్తైన శిఖరమని తేల్చిన లెక్కల వెనుక రాధానాథ్ సిక్దర్ ఉన్నాడు. ఆ ఏళ్లలో శాఖ యంత్రాల బాధ్యత మొహ్సిన్ హుసేన్‌ది.

మన తీరం మీద పని 1840ల మధ్య నుంచి 1860ల ఆరంభం దాకా సాగింది. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు అప్పటికే రెండు వందల ఏళ్లు దాటి ఉంది శ్రీకాకుళంలో. ఊళ్లల్లో భూమి కొలతంటే కుంటలు, గరిసెలు, పుట్లు. కొండ మీద మాత్రం జెండా కర్ర పాతి, అద్దం మీద పడ్డ ఎండని దూరంలో ఉన్న ఇంకో కొండకి తళుక్కుమని పంపేవాళ్లు. మంచు, దుమ్ము లేని పూట చూసి కోణం చదవాలి. మన్యం వైపు జ్వరాలు సర్వే వాళ్లని మామూలుగా పట్టలేదు. గంజాం అడవుల్లో తిరగడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే ఆ రోజుల్లో.

కలకత్తాలో 1831–32లో కొలిచిన బేస్‌లైన్ నుంచి బయలుదేరిన త్రిభుజాలు మన తీరానికి వచ్చేసరికి ఎన్ని వందల మైళ్లు దాటాయో చెప్పనక్కర్లేదు. దారిలో తప్పు పేరుకుందో లేదో చూడాలంటే బీదర్‌లో చేసినట్టే మళ్లీ ఒక భుజాన్ని నేల మీద కొలవాల్సిందే. దానికి విశాఖపట్నం దగ్గర చోటు ఎంచుకున్నారు. 1862–63లో అవే కోల్బీ కడ్డీలు అక్కడికి వచ్చాయి. దేశం మొత్తం మీద ఆ కడ్డీలతో కొలిచిన బేస్‌లైన్లు పదే పది. కలకత్తా, డెహ్రాడూన్, సిరోంజ్, బీదర్, సోనాఖోడా, అటక్ దగ్గరి ఛఛ్, కరాచీ, ఆ తర్వాత ఎనిమిదోది మన విశాఖపట్నం. బెంగళూరు, కన్యాకుమారి తర్వాత వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం పటాలు ఏ అక్షాంశ రేఖాంశాల మీద నిలబడ్డాయో వాటికి తీరంలో ముడి వేసింది ఆ గీతే.

విశాఖపట్నం గీత కొలిచే నాటికి మొహ్సిన్ హుసేన్ సర్వేలో చేరి దాదాపు నలభై ఏళ్లు. ఆయన్ని తెచ్చిన బ్లాకర్ ఎప్పుడో పోయాడు, మెచ్చుకున్న ఎవరెస్ట్ ఇంగ్లండ్‌లో ఉన్నాడు, వా కూడా 1861లో దిగిపోయి వాకర్ వచ్చాడు. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. ఇంతమంది సాహెబులు మారారు, యంత్రాల గదిలో మాత్రం ఆర్కాటు సయ్యద్ సాహెబ్ ఉండిపోయాడు. 1864లో ఆయన ఇంతెకాల్ చేశారు. అప్పటికి కలకత్తా నుంచి మన తీరం దాకా త్రిభుజాల గొలుసు పూర్తయి ఏడాదో, ఏడాదిన్నరో అయింది.